బ్యాటరీ మీద కొలిచిన నిశ్శబ్దం

పోయిన వారం మన నిశ్శబ్దాన్ని ల్యాబ్‌లో సొరుగు ముందు మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉంది. ముందు ఆమెను లేపుదాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నిశ్శబ్దం అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. నోటిని చూసి పెట్టింది మాత్రం కాదు, ఎందుకంటే ఆమె మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. రేడియో చిప్‌లో ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం ఒకటుంటుంది, సింథసైజర్ అంటారు. అది నిలకడగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలబడాలి. చుట్టూ రొద ఎంత తక్కువుంటే అంత గొప్ప. పదకొండేళ్ళుగా ఆ రొద తగ్గించడమే ఆమె వృత్తి, అందుకే ఆ పేరు.

ఆమె సర్క్యూట్ ఆలోచిస్తే, దాన్ని చిప్ మీద పొరలు పొరలుగా గీసేది గీతల మాస్టారు. ఆయన వయసు యాభై ఎనిమిది. ఆఫీసు గేటు లోపల ఆయన మాస్టారు, గేటు దాటితే ఆమెకు సొంత మేనమామ. ఈ పద్ధతి పెట్టింది కూడా ఆయనే. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటిరోజే, "లోపలికి చుట్టరికం తెచ్చావంటే నీ గీతలు నువ్వే గీసుకోవాలి" అని ఖరాఖండిగా చెప్పేశాడు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఆ గీత దాటలేదు.

చిప్ తయారై వచ్చింది. మంటలార్పే సిబ్బంది భుజాన తగిలించుకునే రేడియోలు చేసే కంపెనీ దాన్ని తీసుకెళ్ళి తమ రేడియోలో పెట్టి చూసింది. పొగలో ఉన్న మనిషి మాట బయట ఉన్న మనిషికి గరగరమంటోందనీ, సగం మాటలు పోతున్నాయనీ రాసి పంపింది. ఇక్కడి ల్యాబ్‌లో పెడితే అదే చిప్ బుద్ధిమంతుడిలా ఉంది. మూడు వారాలు అందరూ తలలు పట్టుకున్నాక, గీతల మాస్టారు లేచి, సింథసైజర్‌లో చుట్టలా ఉండే కాయిల్ నేనే తప్పుగా గీశానని కాగితం రాసిచ్చేశాడు. ఆ కాగితం మీదే ఇవాళ పదకొండు గంటలకు మీటింగ్. సరిచేసిన బొమ్మ సాయంత్రం ఐదుకల్లా ఫ్యాక్టరీకి వెళ్ళాలి. రేపటినుంచి మాస్టారు రానక్కర్లేదన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ, అందరూ ఆయన్ని చూసి చూపు తిప్పుకుంటున్నారు.

ఇక ఆ సొరుగు సంగతి.

అందులో దొరికింది నాలుగు బ్యాటరీలు పట్టే చిన్న నల్ల డబ్బా. ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. మీద తెల్ల టేపు అంటించి ఉంది, దాని మీద "ఆసిలేటర్‌కి. ఎవరూ తీయొద్దు" అని రాసి ఉంది. చేతిరాత ఆమెదే. 

సర్క్యూట్‌లో పుట్టే రొద కొలిచే వాళ్ళందరికీ ఒక అలవాటుంది. కరెంటు ఏ దారిన వచ్చినా తనతో కొంత రొద మోసుకొస్తుంది. బ్యాటరీ ఒక్కటే నోరు మూసుకుని ఉంటుంది. అందుకని ముందు చిప్‌లో కరెంటుని సర్ది అందించే రెగ్యులేటర్‌ని పక్కన పెట్టి, సింథసైజర్‌లో ఫ్రీక్వెన్సీ పుట్టించే ఆసిలేటర్‌కి బ్యాటరీతో నేరుగా కరెంటిచ్చి కొలుస్తారు. అది ఆసిలేటర్ సొంత రొద. ఆ తరవాత బ్యాటరీ తీసేసి, చిప్ తన రెగ్యులేటర్ మీద తాను నడుస్తుండగా మళ్ళీ కొలవాలి. అది అసలు లెక్క, రేడియోలో జరిగేది అదే.

రెండు నెలల కిందట ఆమె మొదటిది కొలిచింది. రెండోది కొలిచే లోపల ఆ కొలిచే మెషీన్‌ని పక్క టీమువాళ్ళు మూడు రోజులకు తీసుకెళ్ళారు. రిపోర్టు ఆ సాయంత్రమే పంపాలి. సరే, ప్రస్తుతానికి ఈ గ్రాఫ్ పెట్టేద్దాం, మూడు రోజులయ్యాక మారుద్దాం అనుకుంది. ఆ మూడు రోజులయ్యాక ఆ ఊసే మర్చిపోయింది. బ్యాటరీ మీద కొలిచానన్న మాట గ్రాఫ్ కింద రాయలేదు. పైగా ల్యాబ్ ఆయనకు కొలిచే పద్ధతి కాగితం మీద రాసిచ్చినప్పుడు, సొరుగులో డబ్బా తగిలించమని మొదటి వాక్యంలోనే రాసింది. ఆయన ఎన్నిసార్లు కొలిచినా అందుకే బాగా వచ్చింది.

"ఇది తీసేసి ఎప్పుడైనా చూశారా?" అని ల్యాబ్ ఆయన్ని అడిగింది.

"మీరు తీయొద్దని రాశారు కదా మేడమ్" అన్నాడాయన. ఆ మనిషి రాసింది రాసినట్టు చేసే రకం. ఆయన్ని అనడానికేముంది.

ఆమె వైర్లు ఊడదీసింది. బోర్డు మీద కరెంటు దారి మార్చే గోరంత జంపర్‌ని ఇటునుంచి అటు మార్చింది. ఇప్పుడు చిప్ తన రెగ్యులేటర్ మీద నడుస్తోంది. స్క్రీన్ మీద అప్పటిదాకా సూదిలా సన్నగా నిలబడ్డ గీత కింద వెడల్పై, గుడారంలా పరుచుకుంది. మళ్ళీ బ్యాటరీ పెట్టింది, సూది. తీసింది, గుడారం. మూడుసార్లు చేసింది. నాలుగోసారి చేయడానికి చేతులు రాలేదు. మూడు వారాలుగా ఆఫీసంతా వెతుకుతున్న రొద ఆమె గీసిన రెగ్యులేటర్‌లోంచే వస్తోంది. దాన్ని రెండు నెలలుగా కప్పిపెట్టింది ఆమె డబ్బానే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అప్పుడే ఫోన్ మోగింది. అత్తయ్య.

"ఏమే, మీ మావయ్య అక్కడున్నాడా?"

"ఉన్నారత్తయ్యా, పైన."

"పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా వెళ్ళిపోయాడు. మూడు వారాలుగా మనిషి మనిషిలా లేడే. పేపర్ ముట్టుకోవట్లేదు. నువ్వే చదివి వినిపించు అంటాడు, నేను కూర తరుగుతూ చదవాలి. ముప్పై ఏళ్ళలో నాకు హెడ్డింగులు కూడా మిగల్చని మనిషి. అంత దిగులేంటే? ఉద్యోగం పోతే పోయింది, ఇల్లేమీ కూలదు కదా. నువ్వైనా చెప్పు."

"చెబుతానత్తయ్యా" అని పెట్టేసింది.  మావయ్యకు దిగులు కాక ఏముంటుంది? చేయని తప్పు నెత్తినేసుకుని కూర్చున్నాడు. ఎందుకేసుకున్నాడో ఆమెకు ఆ క్షణాన తట్టింది. ఈ ల్యాబ్‌కి ఆయన రోజుకోసారైనా వస్తాడు. ఈ డబ్బా చూసే ఉంటాడు, చేతిరాత గుర్తుపట్టే ఉంటాడు. మేనకోడలి తప్పు బయటపడకూడదని తన పేరు అడ్డంపెట్టాడు. అంతే అయ్యుంటుంది. అలా అనుకున్న కొద్దీ ఆమెకు ఏడుపు రావలసింది పోయి కోపం వచ్చింది.

కంప్యూటర్‌లో సిమ్యులేషన్ నడిపి రెగ్యులేటర్‌లో రొద ఎక్కడ పుడుతోందో చూసి, రెండు గ్రాఫులు ప్రింట్ తీసుకుంది. డబ్బా చేతిలో పట్టుకుని మెట్లెక్కింది. అప్పటికి పదీ నలభై ఐదు.

మాస్టారు రెండో అంతస్తు మలుపులో, కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. ఒక చెయ్యి మెట్ల కమ్మీ మీద ఉంది. చంకలో పాత గళ్ళ పుస్తకం ఉంది. కంప్యూటర్లు ఎన్ని మారినా ఏ చిప్పైనా ముందు ఆ గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసుకోవడం ఆయన అలవాటు. ఒక్కో పొరకు ఒక్కో రంగు. కుర్రకారు నవ్వుకుంటారు గానీ, ఇరుక్కున్నప్పుడు ఆ పుస్తకం కోసమే ఆయన బల్ల చుట్టూ తిరుగుతారు.

"ఇదేంటో చెప్పండి మాస్టారూ" అంది, డబ్బా ఆయన మొహం ముందు పెట్టి.

ఆయన దాన్ని చేత్తో తడిమి చూశాడు. "బ్యాటరీ డబ్బా."

"దాని మీద ఏం రాసుంది?"

"నువ్వే చదువు."

"నటించకండి. మీకు తెలుసు. ఇది ఎప్పుడు చూశారు? మూడు వారాల కిందటా, అంతకు ముందా?"

ఆయన టీ గుటక వేశాడు. "ఏం మాట్లాడుతున్నావో నాకర్థం కావట్లేదు."

ఆమె రెండు గ్రాఫులూ చేతిలో పెట్టింది. ఆయన వాటిని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరకు తెచ్చుకున్నాడు, మళ్ళీ దూరం పెట్టాడు. ఆమె కాగితాల మీద వేలు పెట్టి గడగడా చెప్పుకుపోయింది. ఇది బ్యాటరీ మీద, ఇది రెగ్యులేటర్ మీద. రొద నా దగ్గరనుంచి వస్తోంది, మీ కాయిల్ దగ్గరనుంచి కాదు. ఆయన అంతా విన్నాడు. మొహంలో ఏదో కదిలింది. ఆమె అది ఊరట అనుకుంది.

"అలాగైతే మంచిదే. కానీ కాయిల్ కూడా నేను సరిగ్గా గీయలేదు. పక్కన పోయే డిజిటల్ లైను దానికి బాగా దగ్గరైపోయింది. కాగితంలో రాసింది నిజమే."

"అబద్ధం."

"నాకు అబద్ధమెందుకే?"

"ఎందుకంటే నేను మీ అక్క కూతుర్ని కాబట్టి. తప్పు నాదని తెలిస్తే నన్ను పంపించేస్తారని. ఎలాగూ రెండేళ్ళలో రిటైరయ్యేవాణ్ణి, పోతే నేనే పోతానని లెక్కేసుకున్నారు. అవునా కాదా?"

ఆయన ఖాళీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు. కాదనడం లేదంటే అవుననే కదా అర్థం, అనుకుంది ఆమె.

"మీ గొప్పతనం వల్ల ఏమవుతుందో ఆలోచించారా? ఇవాళ కాయిల్ మార్చి పంపేస్తారు. రొద పుట్టేది కాయిల్‌లో కాదు. మూడు నెలల తరవాత వచ్చే కొత్త చిప్పు కూడా ఇలాగే గరగరలాడుతుంది. దాన్ని భుజాన వేసుకుని ఎవరో మంటల్లోకి వెళ్తారు. పైకప్పు కూలుతోంది బయటికి రా అని బయటివాడు అరిస్తే లోపలివాడికి వినపడదు. అప్పుడేం చేస్తారు, ఇంకో కాగితం రాసిస్తారా?"

"గొంతు తగ్గించు. మెట్ల మీద ఉన్నాం."

"నా కోసమైనా సరే, నిజం దాచే హక్కు మీకు లేదు. ప్రేమ ఉంటే ఇంకో రకంగా చూపించండి." ఆమె గ్రాఫులు వెనక్కి తీసుకుంది. "మీటింగ్‌లో నేను చెప్పేస్తాను. మీరు మధ్యలో అడ్డురావద్దు."

మాస్టారు ఆమె మొహంకేసి చూశాడు. చూపు సూటిగా ఆమె కళ్ళ మీద కాక, కొంచెం పక్కన, చెవి దగ్గర ఆగినట్టనిపించింది. "నిజం దాచే హక్కు ఎవరికీ లేదు. బాగా చెప్పావు" అన్నాడు మెల్లగా. తరవాత కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ పైకెక్కాడు. ఆమె వెనకే నడిచింది, ఇంకా కోపంగానే.

మీటింగ్ గదిలో డైరెక్టర్ గారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ కూడా ఒకప్పుడు సర్క్యూట్లు గీసిన మనిషే. కళ్ళజోడు గొలుసుకు వేలాడుతుంటుంది, కోపం వస్తేనే కళ్ళకెక్కుతుంది. బల్ల మీద మాస్టారు రాసిచ్చిన కాగితం ఉంది. పక్కన కాయిల్ బొమ్మ పెద్దగా ప్రింట్ తీసి పెట్టుంది.

"కూర్చోండి" అంది ఆవిడ. "మాస్టారూ, మీ కాగితం..."

"ఆ కాగితం తప్పండీ" అంది నిశ్శబ్దం, కూర్చోకుండానే.

ఇక ఆమెను ఆపడం ఎవరికి సాధ్యం. డబ్బా బల్ల మీద పెట్టింది. గ్రాఫులు పెట్టింది. మెషీన్ పక్క టీముకి వెళ్ళిన సంగతి, గ్రాఫ్ మారుద్దామనుకుని మర్చిపోయిన సంగతి, కింద ఒక్క మాట రాయని సంగతి, ల్యాబ్ ఆయన చేత అదే తప్పు మళ్ళీ మళ్ళీ చేయించిన సంగతి, ఏదీ వదల్లేదు. ఎక్కడా నీళ్ళు నమల్లేదు. చెబుతుండగానే డైరెక్టర్ గారి కళ్ళజోడు కళ్ళకెక్కింది. మాస్టారు తల వంచుకుని గళ్ళ పుస్తకం అంచు సవరిస్తున్నాడు.

"అంటే రెండు నెలలుగా మనం కస్టమర్‌కి చూపిస్తున్నది బ్యాటరీ గ్రాఫా?"

"అవునండీ."

"నువ్వు కొత్తగా చేరినదానివైతే ఇప్పుడే బయటికి నడవమనేదాన్ని. పదకొండేళ్ళుగా ఇక్కడున్నదానివి కాబట్టి ఏమనాలో కూడా తెలియట్లేదు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేదని ఆమెకు అనిపించింది. "నీ సంగతి రేపు చూద్దాం. ముందు ఇది తేలాలి. రొద రెగ్యులేటర్‌లో ఎక్కడ?"

"రిఫరెన్స్ దగ్గర. అక్కడ ఇంకాస్త పెద్ద కెపాసిటర్ ఉంటే అది మింగేసేది. చోటు తక్కువని నేనే కోసేశాను. ఇప్పుడే సిమ్యులేషన్ చేసి చూశాను, ఇప్పుడున్నదానికి అయిదింతలు కావాలి."

"అయిదింతల కెపాసిటర్ ఎక్కడ పెడతావు? కింది పొరలన్నీ ఫ్యాక్టరీలో అచ్చు పడిపోయాయి. మనం మార్చగలిగింది పైన ఉన్న రెండు లోహపు పొరలే. పైపొరలో వైర్లు గీయొచ్చు గానీ కెపాసిటర్ పుట్టించలేం కదా."

 తప్పెక్కడుందో కనిపెట్టిన ఆవేశంలో నిశ్శబ్దం చోటు సంగతి ఆలోచించనేలేదు. 

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "కెపాసిటర్లున్నాయండీ."

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

"చిప్‌లో కుడివైపు కింది మూల ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ వదలడం నాకలవాటు లేదు. ఎందుకైనా పనికొస్తాయని కెపాసిటర్లు వరసగా పరిచి, దేనికీ కలపకుండా వదిలేశాను. సర్క్యూట్ బొమ్మలో ఉండవు. ఇందులో ఉన్నాయి." గళ్ళ పుస్తకం తెరిచి బల్ల మీదకు జరిపాడు. పచ్చ పెన్సిల్‌తో చిన్న చిన్న చతురస్రాలు వరసలు కట్టి ఉన్నాయి, పెరట్లో మడులు కట్టినట్టు. "అయిదింతలు కాదు, ఏడింతలు ఉంటాయి. అక్కణ్ణుంచి రెగ్యులేటర్ దాకా పైపొరలో ఒక్క వైరు లాగితే చాలు."

ఆ మాట విన్న డైరెక్టర్ గారు చాలా రోజుల తరవాత కొంచెం నవ్వింది. నిశ్శబ్దానికి మాత్రం కళ్ళు చెమర్చాయి. ఈ మనిషినా రేపటినుంచి రావద్దనబోయారు? ఈ మనిషి గీతనా అందరూ అనుమానించారు?

"ఆ వైరు ఏ దారిన పోతుంది?" డైరెక్టర్ గారు అడిగింది.

"కాయిల్ పక్కనుంచే పోవాలి. ఇంకో దారి లేదు. కాయిల్‌కీ డిజిటల్ లైనుకీ మధ్య సందుంది. సరిగ్గా మధ్యలోంచి పోవాలి. ఇటు జరిగితే కాయిల్ దాన్ని పట్టుకుంటుంది, అటు జరిగితే డిజిటల్ రొద అంటుకుంటుంది. వైరుకి వైరు తగిలితే చెకింగ్ సాఫ్ట్‌వేర్ అరుస్తుంది గానీ, దగ్గరైతే నోరెత్తదు. కంటితో చూసుకుని గీయాల్సిందే."

"మీ టీములో గీసే మిగతా ఇద్దరు గీయగలరా?"

"మీ పుస్తకం అర్థం కావడానికే వాళ్ళకి రెండు రోజులు పడుతుంది మాస్టారూ" అంది నిశ్శబ్దం, ఆయన జవాబు చెప్పేలోపల. "మీరే గీయాలి."

ఆయన గళ్ళ పుస్తకం మూసి దగ్గరకు లాక్కున్నాడు.

డైరెక్టర్ గారు కాయిల్ బొమ్మ ప్రింటుని వేలితో తట్టింది. "ఇంకొక్క మాట. ల్యాబ్‌లో కొలిచేటప్పుడు చిప్‌లో డిజిటల్ భాగం నడవదు కదా, పడుకునుంటుంది, ఆ లైనులో రొద ఉండదు. మరి మాస్టారు రాసిన మాట సంగతి? కాయిల్ నిజంగా బాగున్నట్టేనా? దాన్ని కూడా మార్చాలంటే ఇవాళే మార్చాలి."

న్యాయంగా అయితే నిశ్శబ్దం ఇక్కడ ఆగి, డిజిటల్ భాగాన్ని లేపి కొలిచి చూస్తానని చెప్పాలి. రెండు గంటల పని. కానీ ఆమె అప్పుడు ఇంజనీరుగా లేదు, మేనకోడలిగా ఉంది. మావయ్య పరువు ఈ బల్ల మీదే నిలబెట్టి తీరాలన్న పట్టుదల ఒంటినిండా ఉంది.

"కాయిల్‌లో వంక పెట్టడానికేం లేదండీ. మాస్టారు గీసింది. మళ్ళీ చూడక్కర్లేదు. నాది పూచీ."

మాస్టారు తలెత్తాడు. ఏదో అనబోయాడు. డైరెక్టర్ గారు అప్పటికే కుర్చీలోంచి లేచింది.

"అయితే పదండి. నేనూ వచ్చి కూర్చుంటాను. ఈసారి నా కళ్ళతో చూస్తే గానీ నేను సంతకం పెట్టను."

మాస్టారి బల్ల కిటికీ వైపు మూలన ఉంటుంది. రెండు పెద్ద స్క్రీన్లు, ఒక భూతద్దం, కప్పులో రంగు పెన్సిళ్ళు. పెన్సిళ్ళన్నీ అప్పుడే చెక్కినట్టు మొనదేలి ఉన్నాయి. ఎప్పుడూ అరిగిపోయి కురచగా ఉండేవి ఇవాళ ఇంత పొడుగ్గా ఎందుకున్నాయో నిశ్శబ్దం ఆలోచించలేదు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. డైరెక్టర్ గారు నాలుగడుగుల వెనక, ఫోన్‌లో ఫ్యాక్టరీవాళ్ళతో మాట్లాడుతూ కూర్చుంది. ఐదుకే వస్తుంది, తప్పకుండా వస్తుంది అని వాళ్ళకు మాటిస్తోంది. గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

ఆయన బొమ్మ తెరిచాడు. చిప్ మొత్తం స్క్రీన్ నిండా రంగు రంగుల గళ్ళుగా పరుచుకుంది. కుడివైపు కింది మూలకు వెళ్ళి దగ్గరకు లాగాడు. పచ్చటి మడులు కనిపించాయి. మౌస్‌తో మొదటి చుక్క పెట్టి పైకి లాగాడు. పదకొండేళ్ళుగా ఆ చెయ్యి చూస్తోంది ఆమె. అంగుళంలో వెయ్యో వంతు కూడా తడబడని చెయ్యి.

గీత కెపాసిటర్ మీదనుంచి కాక, దాని పక్క ఖాళీలోంచి మొదలైంది.

"మాస్టారూ, కొంచెం ఎడమకి."

ఆయన చెరిపేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి అవతలి పక్కకు పడింది. ఆమె నవ్వబోయింది. పొద్దున టిఫిన్ తినకపోతే ఇలాగే ఉంటుంది అనబోయింది. ఆయన ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, కుడికన్నుతో స్క్రీన్‌కేసి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట ఉంది.

"అమ్మాయ్" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "ఆ కాయిల్ పక్కన డిజిటల్ లైను ఒకటుందా, రెండున్నాయా?"

ఆమె చూసింది. "ఒకటే."

"నాకు రెండు కనిపిస్తున్నాయి."

ఆమెకు ముందు ఆ మాట తలకెక్కలేదు. తరవాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అత్తయ్య చేత చదివించుకుంటున్న పేపరు. నువ్వే చదువు అన్న డబ్బా మీది రాత. దూరం దగ్గర చేసి చూసిన గ్రాఫులు. కమ్మీ వదలని చెయ్యి. ఆమె చెవి దగ్గర ఆగిన చూపు. అరగని పెన్సిళ్ళు. ఆయన ఆ డబ్బాని ఎప్పుడూ చూడలేదు. ఆమెను కాపాడటానికి ఏ కాగితమూ రాయలేదు. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయి, రొద తన గీతలోంచే వస్తోందని నిజంగానే అనుకుని రాశాడు. మెట్ల మీద ఆమె గొప్పతనం అంటూ దులిపేస్తుంటే, కాదు, నాకు కళ్ళు కనిపించట్లేదు అని చెప్పలేక నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది. 

"ఆరు నెలలు కావస్తోంది. మొదట్లో సాయంత్రాలు మాత్రమే ఉండేది. ఇప్పుడు పొద్దున్నుంచీ."

ఆరు నెలలు. ఈ చిప్ కాయిల్ గీసింది ఐదు నెలల కిందట.  రెండుగా కనిపించే లైన్లలో ఏది అసలుదో తెలియని కళ్ళతో గీసిన కాయిల్ అది. దానికి ఇప్పుడే, కొలవకుండానే, నాది పూచీ అని వచ్చింది. బ్యాటరీ డబ్బా తప్పు ఒప్పుకున్న గంటలోపే, అదే తప్పు ఇంకోసారి చేసింది.

"మావయ్యా" అంది. పదకొండేళ్ళలో గేటు లోపల ఆ పిలుపు అదే మొదటిసారి. ఆయన దాన్ని తప్పుపట్టలేదు.

"నువ్వు మౌస్ పట్టుకుంటే నేను దారి చెబుతాను" అన్నాడు మెల్లగా. "ఎవరికీ తెలియదు. వైరు గీసేస్తాం, సాయంత్రానికి పంపేస్తాం, నేను తిన్నగా ఇంటికి పోతాను. కానీ కాయిల్ సంగతి తేలదు. పొద్దున మెట్ల మీద నువ్వన్న మాట నీకు గుర్తుంది కదా? నాకు గుర్తుంది. ఎలా చేద్దామో నువ్వే చెప్పు."

వెనక ఫోన్ మాటలు ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏంటి, గీత ఆగిపోయింది?" అంటూ డైరెక్టర్ గారు వాళ్ళిద్దరి మధ్యకు వంగింది. కళ్ళజోడు అప్పటికే కళ్ళకుంది. "మాస్టారూ, ఏమైనా ఇబ్బందా?"

మాస్టారు మౌస్ మీదనుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ ఆయన్ని వదిలి నిశ్శబ్దంవైపు తిరిగింది.

నోరు మూయించడం ఎవరి తరమూ కాని ఆ మనిషికి, మొట్టమొదటిసారి మాట రాలేదు.